పటంలో లేని గిరిజనులు: యానాదుల మాటకు చట్టంలో చోటెక్కడ?

పాడేరు ఏజెన్సీలో ఒక ఊరి గ్రామసభ తమ వాగులో ఇసుక తవ్వకానికి ఒప్పుకోకపోతే ఆ మాటకు చట్టంలో బరువుంది. లీజు ఇవ్వాలంటే ముందు ఆ సభ సిఫారసు కావాలి. అదే మాట సూళ్లూరుపేట దగ్గర ఒక యానాదుల కాలనీ మొత్తం కూడి చెప్పినా అది అధికారి చేతిలో పెట్టే ఒక అర్జీ అవుతుంది, అంతే. రెండు చోట్లా ఉన్నది షెడ్యూల్డ్ తెగల వాళ్లే. రాజ్యాంగం ఒకటే, రాష్ట్రం ఒకటే. తేడా అంతా వాళ్లు ఏ ప్రాంతంలో ఉన్నారన్న దాంట్లో ఉంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో గిరిజనుల మాట వస్తే చర్చ పథకాల దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని ఇళ్లు ఇచ్చారు, ఎంతమందికి పింఛన్ వచ్చింది, ఎన్ని మేకలు పంచారు. అవి అక్కర్లేదని కాదు. కానీ వాటికంటే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది. తమ బతుకు ఎలా ఉండాలో తామే నిర్ణయించుకునే అధికారం వీళ్లకు ఏ దారిలో వస్తుంది? ఆ దారి తెలియకపోవడం వల్లే ఇచ్చినవి కూడా నిలవడం లేదని నా నమ్మకం.

ముందు పెద్ద చిత్రం చూద్దాం. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనను ఆమోదించింది. 144 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, 11 తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించినవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాతి ఏళ్లలో అవి కూడా దాన్ని ఒప్పుకున్నాయి. అందులో మూడో అధికరణం ఆదివాసులకు స్వయం నిర్ణయ హక్కు ఉందంటుంది. నాలుగోది సొంత వ్యవహారాల్లో స్వపరిపాలన ఉందంటుంది. ముందుగా చెప్పి, విషయం పూర్తిగా తెలియజేసి, వాళ్లు ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప వాళ్ల నేల నుంచి కదిలించకూడదని పదో అధికరణం చెబుతుంది. స్వయం నిర్ణయం అనగానే వేరు దేశం అడుగుతారేమోనని కంగారు పడేవాళ్లు 46వ అధికరణం చదవాలి. దేశ సమగ్రతకు భంగం కలిగేలా ఈ ప్రకటనను వాడుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది.

మన దేశం ఈ ప్రకటనకు అనుకూలంగానే ఓటేసింది. అయితే భారతీయులంతా ఈ నేలకు మూలవాసులేనన్నది ప్రభుత్వం ఎప్పుడూ చెప్పే మాట. పైగా ఆ ప్రకటనకు చట్టంలాగా కట్టుబడి తీరాలన్న నియమం లేదు. కాబట్టి తిరుపతిలో ఒక తాసీల్దారు ముందు నిలబడిన యానాది కుటుంబానికి ఐక్యరాజ్యసమితి కాగితం అక్కరకు రాదు. వాళ్లకు ఉపయోగపడాల్సింది మన రాజ్యాంగమే.

రాజ్యాంగంలో గిరిజనులకు రెండు రకాల రక్షణలున్నాయి. ఒకటి మనిషితో పాటు వెళ్లేది. 342వ అధికరణం కింద జాబితాలో ఉన్న తెగలో పుట్టినవాళ్లకు చదువులో, ఉద్యోగంలో, చట్టసభల్లో రిజర్వేషన్. రెండోది నేలకు కట్టేసినది. 244వ అధికరణం, దాని కింద ఐదో షెడ్యూలు. షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించిన చోట గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ కాపలా కాస్తాయి. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, ఆ ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది కూడా ఈ నిబంధన బలంతోనే. 1996 డిసెంబర్‌లో వచ్చిన పీసా చట్టం, అంటే పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం కూడా ఈ ప్రాంతాలకే వర్తిస్తుంది. గిరిజనుల ఆచారాలు, ఉమ్మడి వనరులు, తగాదాల పరిష్కారం గ్రామసభ చేతిలో ఉంటాయని అది చెబుతుంది. నిర్ణయాధికారానికి సంబంధించిన అసలు బలం ఈ రెండో రకంలో ఉంది. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అని గ్రామసభలను అడగమని సుప్రీంకోర్టు చెబితే, 12 గ్రామసభలకు 12 కూడా వద్దన్నాయి. తవ్వకం ఆగిపోయింది.

చిక్కు ఎక్కడంటే, ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ ప్రాంతం శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఉన్న కొండల్లోనే ఉంది. తిరుపతి జిల్లాలో ఒక్క ఊరూ లేదు, చిత్తూరు జిల్లాలోనూ లేదు.

ఆ గీత అక్కడే ఎందుకు ఆగింది? దానికో చరిత్ర ఉంది. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పిస్తూ బ్రిటిష్ వాళ్లు ప్రత్యేక చట్టం చేశారు. అక్కడి కొండ జనం తిరగబడుతుంటే మైదానంలోని కోర్టులూ కచేరీలతో ఏలడం వాళ్ల వల్ల కాలేదు. తర్వాత 1879 రంప తిరుగుబాటు, 1922–24లో అల్లూరి పోరాటం. ఆ ఏజెన్సీ పటమే స్వాతంత్ర్యం వచ్చాక షెడ్యూల్డ్ ప్రాంతంగా మారింది. దక్షిణ కోస్తాలో, చిత్తూరు వైపు పల్లెల్లో ఉన్న యానాదులు, యెరుకలు కొండల్లో గుంపుగా లేరు. ఊరి పొలిమేరల్లో, చెరువు గట్ల మీద, రైతుల తోటల్లో చెదిరి ఉన్నారు. వీళ్ల కోసం దొరలు ప్రత్యేక పటం గీయలేదు. పోలీసు రిజిస్టరు తెరిచారు. 1871లో చేసిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చి, యెరుకలను, కొన్ని చోట్ల యానాదులను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ మచ్చ తుడిచేయడానికి నెల్లూరు వైపు గిరిజన సేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. అయినా ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఏ కాలనీ వైపు చూస్తారో పల్లెల్లో పెరిగిన మనందరికీ తెలుసు. ఆ చట్టం నుంచి బయటపడిన విముక్త జాతుల వాళ్లను అలవాటుపడిన నేరస్థులుగా చూసే జైలు నియమాలను 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తప్పుపట్టాల్సి వచ్చిందంటే, ఆ చూపు ఎంతకాలం బతికిందో చూడండి.

యానాదుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పక్కనే ఉన్నా మనకు వీళ్ల గురించి తెలిసింది తక్కువ. 2011 జనగణన నాటికే వీళ్లు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. రాష్ట్రంలోని పెద్ద తెగల్లో ఇదొకటి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, వెంకటగిరి వైపు మండలాలు వచ్చి కలవడంతో తిరుపతి జిల్లాలో వీళ్ల సంఖ్య బాగా పెరిగింది. మంచి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అని తెగలో విభజనలున్నాయి. మాట్లాడేది తెలుగే. బహుశా అందుకే ‘గిరిజనులు’ అనగానే మన కళ్ల ముందు అరకు థింసా కనబడుతుంది గానీ, మన వరి మడిలో ఎలుకలు పట్టిన మనిషి కనబడడు.

వీళ్ల పని ఏమిటో చూస్తే ఈ ప్రాంతపు వ్యవసాయం వీళ్ల మీద ఎంత ఆధారపడిందో అర్థమవుతుంది. కోతల కాలంలో ఎలుకల బెడద తీర్చేది వీళ్లే. చెరువుల్లో, కాలువల్లో చేపలు పట్టడం, మామిడి తోటల కాపలా, తీరం వైపు రొయ్యల గుంటల కాపలా, జామాయిల్, సరుగుడు కొట్టడం, ఇటుక బట్టీల్లో పని, బాతులు మేపడం. మూలికల మీద, పాముల మీద ఉన్న తెలివి తరాల నుంచి వచ్చినది. ఈ పనుల్లో చాలావాటికి సొంత నేల ఉండదు. ఉండే చోటు కూడా పని ఇచ్చే యజమానిదే. పని పోతే గుడిసె పోతుంది, గుడిసెతో పాటు రేషన్ కార్డు మీద ఉన్న చిరునామా కూడా పోతుంది.

శ్రీహరికోట కథ ఇక్కడ చెప్పుకోవాలి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న ఆ దీవి అడవిలో యానాదులు తరతరాలుగా ఉన్నారు. 19వ శతాబ్దంలో మద్రాసు నగరానికి వంటచెరకు కోసం ప్రభుత్వం ఆ అడవిని చేతిలోకి తీసుకున్నప్పుడు, అడవి సరుకు సేకరించి పెట్టేవాళ్లుగా వీళ్లను అక్కడే ఉండనిచ్చారు. 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. దీవిలోని కుటుంబాలు ఇవతలి గట్టుకు వచ్చేశాయి. ఆ కేంద్రాన్ని చూసి నేనూ గర్వపడతాను, రాకెట్ ఎగిరిన రోజు మా ఇళ్లలో పిల్లలంతా డాబా ఎక్కుతారు. కానీ ఆ దీవి వాళ్లను అడిగి తీసుకోవాలన్న చట్టం అప్పుడు లేదు. అక్కడ షెడ్యూల్డ్ ప్రాంతం లేదు కాబట్టి, పీసా ఉన్న ఈ రోజుల్లో అయినా ఆ చట్టం కింద గ్రామసభను అడగాల్సిన పని ఉండేది కాదు. నష్టపరిహారం ఎంత ఇచ్చారన్నది వేరే లెక్క. అడగడం, అడగకపోవడం గురించి నా బాధ.

ఇక చట్టసభల సంగతి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 స్థానాల్లో ఏడు ఎస్టీలవి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ ఉత్తరాన, గోదావరి కొండల్లో. మన వైపు సూళ్లూరుపేట, సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు ఎస్సీ స్థానాలు. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలూ అంతే. దళితులకు అవి న్యాయంగా దక్కినవి, దాంట్లో మాటే లేదు. కానీ ఐదు లక్షల మంది ఉన్న తెగకు తమ ప్రాంతం నుంచి తమ మనిషిని అసెంబ్లీకి పంపే రిజర్వుడు స్థానం ఒక్కటీ లేదు. రిజర్వేషన్ జనాభా గుంపుగా ఉన్న చోటే పడుతుంది. చెదిరి ఉన్నవాళ్లు ప్రతి నియోజకవర్గంలోనూ కొద్దిమందే.

పథకాలకు కూడా ఇదే కొలత. 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ అత్యంత వెనుకబడిన తెగలకు ఉద్దేశించింది. చెంచులు ఆ జాబితాలో ఉన్నారు, యానాదులు లేరు. 2024 అక్టోబర్‌లో వచ్చిన ధర్తీ ఆబా పథకం ప్రధానంగా 500 జనాభా ఉండి, అందులో సగం గిరిజనులైన ఊళ్లను చూస్తుంది. ముప్పై గడపల యానాది కాలనీ ఆ లెక్కలో ఎలా నిలుస్తుంది?

అన్నిటికన్నా లోతైన చిక్కు అప్పులో ఉంది. పెళ్లికో చావుకో జబ్బుకో యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. దానికి బదులు కుటుంబం మొత్తం బాతుల వెంట పోవాలి. కోసిన మళ్ల వెంట బాతులు కదులుతాయి, వాటి వెంట మనుషులు. ఒక్కోసారి తమిళనాడు దాకా. పిల్లలు బడి మానేస్తారు. లెక్క యజమాని పుస్తకంలో ఉంటుంది, అందులో ఎంత తీరిందో ఎంత మిగిలిందో చదివే వీలు వీళ్లకు లేదు. తండ్రి చనిపోతే బాకీ తల్లి మీద పడుతుంది. 2025 మేలో, బాకీ కింద కొడుకును బాతుల యజమాని దగ్గర వదిలి రావాల్సి వచ్చిన ఒక యానాది తల్లి గురించి పత్రికల్లో వచ్చింది. డబ్బు కూడబెట్టుకుని వెళ్లేసరికి బిడ్డ లేడు. ఆ వార్త చదివిన తర్వాత చాలా రోజులు మనసు మనసులో లేదు.

ఇది మన దేశంలో 1976 నుంచి నేరం. వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం అలాంటి అప్పు ఆ క్షణమే రద్దయిపోతుంది. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే, కూలీది కాదు. ఈ సంగతి కాలనీల్లో ఎంతమందికి తెలుసు? విడిపించాక అధికారి ఇచ్చే విడుదల పత్రం ప్రాణంతో సమానం. అది చేతిలో ఉంటేనే పునరావాసం. వెంటనే 30,000 రూపాయల దాకా సాయం, ఆ తర్వాత పెద్దవాళ్లయిన మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు అని కేంద్ర పథకం చెబుతుంది. కానీ ఆ పెద్ద మొత్తం కోర్టు కేసు తేలడంతో ముడిపడి ఉంది. ఏళ్లు గడుస్తాయి. ఈ లోపు ఇంట్లో మళ్లీ జబ్బు, మళ్లీ అడ్వాన్సు. వెళ్లిపోవాలనుకుంటే వెళ్లిపోలేని మనిషికి గ్రామసభలో చెయ్యెత్తే స్వేచ్ఛ ఎక్కడిది? అందుకే ఈ జిల్లాల్లో స్వయం నిర్ణయాధికారం గురించి మాట్లాడేవాళ్లు వెట్టి దగ్గర మొదలుపెట్టాలంటాను.

తర్వాతది కాగితం. ఎస్సీ, బీసీ కుల పత్రం తాసీల్దారు ఇస్తాడు. ఎస్టీ అయితే ఆర్డీఓ ఇవ్వాలి. దొంగ పత్రాలు ఆపడానికి పెట్టిన నియమం ఇది, కారణం సరైనదే. కానీ పుట్టిన తేదీ పత్రం లేక, బడి రికార్డు లేక, ఏటా ఊరు మారే కుటుంబానికి ఇది పెద్ద టెన్షన్. ఆధార్ లేదు కాబట్టి కుల పత్రం లేదు, కుల పత్రం లేదు కాబట్టి హాస్టల్ సీటు లేదు. ఒక గోడ దాటితే ఇంకో గోడ.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. ముందు చదువు చెప్పించండి, కడుపు నింపండి, అధికారం సంగతి తర్వాత చూద్దాం అని. ఈ వాదనకు సమాధానం మన రాజ్యాంగ సభలోనే ఉంది. 1946 డిసెంబర్‌లో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అన్న అర్థంలో మాట్లాడారు. అనుభవం కూడా ఆయన వైపే ఉంది. అమెరికా 1975లో చట్టం చేసి, తమ బడులు, వైద్యం వంటివి తామే నడుపుకోవడానికి ఆదివాసీ తెగలకు దారి ఇచ్చింది. ఆస్ట్రేలియాలో 1971లో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆదిమవాసులు తమ వైద్యశాలను తామే పెట్టుకున్నారు. అలాంటివి తర్వాత దేశమంతా వచ్చాయి. 2020లో అక్కడి ప్రభుత్వాలు ఆదిమవాసీ సంఘాల కూటమితో కలిసి ఒప్పందం మీద సంతకం చేశాయి. లక్ష్యాలు ఇద్దరూ కూర్చుని రాసుకున్నారు. అంతా బాగుపడిందని కాదు. 2023లో పార్లమెంటుకు సలహా ఇచ్చే ఆదిమవాసీ గొంతు కోసం పెట్టిన రెఫరెండం అక్కడే ఓడిపోయింది. అయినా పక్కన కూర్చోబెట్టుకుని రాసిన లక్ష్యానికీ, రాజధానిలో రాసి పంపిన లక్ష్యానికీ తేడా ఉందని ఆ దేశాలు ఒప్పుకున్నాయి.

అంతదూరం పోనక్కర్లేదు. సత్యవేడు దాటితే తమిళనాడు. అక్కడ యానాదులను పోలిన బతుకు బతికే ఇరుళర్లు పాములు పట్టి చర్మాలు అమ్మేవాళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. 1978లో రోములస్ విటేకర్ అనే పాముల నిపుణుడి తోడ్పాటుతో వాళ్లు చెన్నై దగ్గర ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరలను పట్టి, విషం తీసి, కొన్ని వారాలు ఉంచుకుని, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాము కాటుకు మందు తయారవుతుంది. మన ఊళ్లో పాము కరిచిన రైతుకు ఆసుపత్రిలో ఎక్కించే మందు వెనక ఒక ఇరుళర్ చెయ్యి ఉండి ఉండొచ్చు. 2023లో ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు పద్మశ్రీ ఇచ్చారు. నాకు ఈ కథలో నచ్చింది పద్మశ్రీ కాదు. వాళ్ల తెలివికి వాళ్లే యజమానులు కావడం, పంపకం తమ సంఘం చేతిలో ఉండడం. దాని పరిమితి కూడా చెప్పాలి. ఏటా ఎన్ని పాములు పట్టొచ్చో అటవీ శాఖ అనుమతి ఇవ్వాలి. అనుమతి ఆలస్యమైతే ఆ కాలం ఆదాయం పోయినట్టే.

మన దగ్గర ఇలాంటి ఆసరాగా చెరువు నిలవాలి. ఏళ్లుగా ఆ చెరువులోనే చేపలు పట్టిన యానాది, వేలం పాట జరిగాక వేరే పాటదారుడి కింద కూలీగా అదే నీళ్లలో దిగుతాడు. చెరువు గట్టున ఉన్న యానాదులు సొంత మత్స్య సహకార సంఘంగా రిజిస్టరై, లీజులో తొలి హక్కు పొందితే కూలి కాస్తా వ్యాపారమవుతుంది. పెట్టుబడికి బ్యాంకు, చేప పిల్లలకు మత్స్య శాఖ తోడు నిలవాలి. పెత్తనం మాత్రం వాళ్లదే కావాలి.

షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా పనికొచ్చే చట్టం ఒకటుంది, దాన్ని మన జిల్లాల్లో మనం తగినంత వాడుకోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం. ఇది దేశంలోని అటవీ భూమి అంతటికీ వర్తిస్తుంది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల దాకా పట్టా రావచ్చు. అంతకన్నా విలువైనది ఉమ్మడి హక్కు. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం, నీటి వనరుల్లో చేపల హక్కు, సంచార జాతులు కాలాన్ని బట్టి వచ్చిపోయే దారుల హక్కు, ఊరి అడవిని కాపాడుకునే హక్కు ఇందులో ఉన్నాయి. గిరిజనేతరులు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఉన్నట్టు చూపించాలి. ఎస్టీలకు ఆ షరతు లేదు. రాతకోతలు లేనివాళ్లకు ఇంకో ఊరట కూడా ఉంది. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే అది కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. దరఖాస్తును తేల్చే తొలి మెట్టు అటవీ అధికారి కాదు, గ్రామసభ. అడవి అంచున ఉన్న యానాది కాలనీల్లో అటవీ హక్కుల కమిటీలు వేసి, పెద్దవాళ్ల మాటలు ఇప్పుడే రాసుకోవాలి. తేనె ఎక్కడ తీసేవాళ్లు, ఏ వాగులో వలేసేవాళ్లు, ఏ గుట్ట మీద మూలికలు తవ్వేవాళ్లు అన్నది గుర్తున్న తరం వెళ్లిపోతోంది.

ఇక నెల్లూరులో యానాదుల కోసమే ఒక ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. కొండల్లోని ఐటీడీఏలు ప్రాంతానికి కట్టినవి. ఇది తెగకు కట్టినది. చెదిరి ఉన్న జనానికి అధికారం ఇవ్వాలంటే ఏ రూపం కావాలో దాని బీజం ఇందులోనే ఉంది. యానాది ఎక్కడున్నా యానాదే, నేల మారినా హక్కు మారదు అన్న ఆలోచన అది. అయితే పెత్తనం అధికారులదే. ప్రతి మండలం నుంచి యానాదులు తామే ఎన్నుకున్న ప్రతినిధులు, అందులో సగం మంది ఆడవాళ్లు, దాని పాలకమండలిలో కూర్చోవాలి. ఏటా వచ్చే డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో ఓటేసి చెప్పాలి. ఇల్లు కట్టించే ముందు ఎక్కడ కట్టాలో వాళ్లను అడిగితే, చెరువుకు దూరంగా ముళ్ల కంపల మధ్య కట్టి, ఎవరూ చేరక పాడుబడిన కాలనీలు ఇన్ని ఉండేవి కావు. దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

పంచాయతీల్లో 243డి అధికరణం కింద ఎస్టీలకు వార్డులు, సర్పంచ్ పదవులు వస్తున్నాయి. అక్కడక్కడా యానాది ఆడవాళ్లు సర్పంచులవుతున్నారు. గెలిచాక వాళ్లను తోటలో కూలికి పిలిచే ఆసామే పంచాయతీ కాగితాల మీద సంతకాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తుంటే ఆ పదవి పేరుకే మిగులుతుంది. సంతకం పెట్టే ముందు చదివి వినిపించే మనిషి, యజమాని మనిషి కాకుండా, ఆమెకు తోడుండాలి. అలాంటి తోడును తెగలోని చదువుకున్న యువతే ఇవ్వగలదు. ఇప్పుడు ప్రతి మండలంలో డిగ్రీ చదివిన యానాది పిల్లలు కొందరైనా ఉన్నారు, వాళ్లకు ఈ పనికి జీతం ఇవ్వొచ్చు.

గ్రామసభ పగలు పదకొండు గంటలకు పెడితే కాలనీ వాళ్లు ఎవరూ రారు, ఆ వేళకు వాళ్లు రొయ్యల గుంట దగ్గరో జామాయిల్ తోటలోనో ఉంటారు. రాత్రి ఏడున్నరకు, కాలనీలోనే, వేపచెట్టు కిందో బడి వసారాలోనో సభ పెట్టమని కలెక్టర్లు పంచాయతీలకు ఆదేశం ఇవ్వొచ్చు. తీర్మానం రాసిన పుస్తకం అక్కడే చదివి వినిపించి, వేలిముద్రలు వేయించాలి.